పండుగ ఖర్చు – బోనసు లెక్క

"ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి" అని మన పెద్దలు నవ్వుతూ అనేవారు. మన జిల్లాలో చిక్కేమిటంటే, పెద్ద పండుగలు వచ్చేది సరిగ్గా చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనే. దసరా నాటికి వరి ఇంకా పొలంలోనే ఉంటుంది. చెరకు నరికేది ఆ తరువాతనే. పసుపు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరేది సంక్రాంతి దాటాకే. అందుచేత కొత్త బట్టలైనా, యాట కూరైనా ఉద్దెర ఖాతాలో రాయించి తేవడం మన ప్రాంతపు పాత అలవాటు. వడ్డీ వ్యాపారం శ్రుతి మించడం వల్లనే నిజాం ప్రభుత్వం 1349 ఫసలీలో, అంటే 1939–40 ప్రాంతంలో, షావుకార్లకు లైసెన్సు ఉండాలని చట్టం చేసింది.

1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీటి అండతో 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దానితో నెల జీతం అనే కొత్త సంగతి మన ఇళ్లలోకి వచ్చింది. అయితే సీజను కార్మికుడికి పూర్తి వేతనం దొరికేది క్రషింగ్ నడిచే నెలల్లోనే. క్రషింగ్ మొదలయ్యేది సాధారణంగా దసరా వెళ్లాక. కాబట్టి ఫ్యాక్టరీ వచ్చినా, దసరా ముందర ఖాతా పుస్తకం మూతపడలేదు.

ఆ పుస్తకం మూయించే శక్తి బోనసుకు ఉండేది. 1965లో బోనసు చెల్లింపు చట్టం వచ్చింది. తొలుత కనీస బోనసు జీతంలో 4 శాతం. 1972లో దాన్ని 8.33 శాతం చేశారు. నేను ఉద్యోగమంతా పద్దుల బల్ల ముందర గడిపినవాడిని గనుక ఆ అంకెను విప్పి చెబుతాను. వందను పన్నెండుతో భాగిస్తే వచ్చేది 8.33. అంటే ఏడాది మొత్తానికి ఒక్క నెల జీతం. దాన్ని మనలో చాలామంది పైనుంచి ఊడిపడిన సొమ్ముగా చూశాం. నిజానికి ఏడాది పొడుగునా మనం చేసిన పనికి ఆలస్యంగా అందిన కూలి అది.

ఆ సొమ్మును ముందే ఖర్చు చేసుకుంటే ఏమవుతుందో 1975 చూపింది. ఆ సెప్టెంబరులో, అత్యవసర పరిస్థితి రోజుల్లో, కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి కనీస బోనసును 8.33 నుంచి 4 శాతానికి దించింది. దసరా అప్పటికి కొద్ది వారాల దూరంలోనే ఉంది. నెల జీతం చేతికొస్తుందని నమ్మి ఉద్దెర తెచ్చిన ఇంటికి అందులో సగం కూడా లేకుండా పోయింది. 1977లో ప్రభుత్వం మారాక గాని 8.33 శాతం తిరిగి రాలేదు.

ఇంకో మెలిక పరిమితి. 1995 తరువాత లెక్కకు తీసుకునే జీతం నెలకు 2,500 రూపాయలే. మూడున్నర వేల జీతగాడికైనా కనీస బోనసు ఏడాదికి దాదాపు 2,500 రూపాయలే అన్నమాట. ఇంట్లో ఖర్చు మాత్రం మూడున్నర వేల జీతాన్ని చూసి పెరిగేది. ఆ పరిమితిని 2007లో 3,500కు, 2015 సవరణతో 7,000కు పెంచారు.

ప్రభుత్వ కొలువులో ఉన్న మిత్రులకు పండుగ అడ్వాన్సు ఉండేది. వడ్డీ లేదు, పది నెలల్లో కోత. రెండు నెలలు ఊపిరి పీల్చుకునే సరికి మళ్లీ పండుగ. అదే పది వాయిదాలు పండుగకు ముందుగానే దాచుకుంటే ఎవరికీ బాకీ ఉండనక్కర లేదు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవారి సంగతి వేరు. అయిదు వేలు తెచ్చి పది నెలల తరువాత ఒక్కసారిగా తీరిస్తే, వడ్డీయే వెయ్యి రూపాయలు.

ఫ్యాక్టరీ కథ మీకందరికీ తెలిసిందే. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. సంక్రాంతికి అప్పటికి మూడు వారాలే ఉంది. సీజనును నమ్ముకుని ముందే ఖర్చు పెట్టుకున్న ఇల్లు ఏదైనా ఉంటే, ఆ పండుగ ఎలా గడిచిందో నేను చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి. విశ్రాంత జీవికి బోనసు లేదు. ప్రావిడెంట్ ఫండు కింద 1995 నాటి పింఛను పథకంలో ఉన్నవారికి కరువు భత్యం కూడా లేదు. 2014లో కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారంటేనే అంతకుముందు ఎంత వచ్చేదో ఊహించుకోవచ్చు. అయినా పండుగకు కూతురూ అల్లుడూ, మనుమలూ వస్తారు. వట్టి చేతులతో పంపడానికి మనసొప్పదు.

అందుకని నా మనవి ఇది. పోయిన దసరాకు అయిన ఖర్చు ఒక కాగితం మీద వేసుకోండి. దాన్ని పన్నెండుతో భాగించండి. ఆ మొత్తాన్ని పింఛను పడిన రోజునే బ్యాంకులో ఏడాది గడువు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పన్నెండో వంతు దాచలేని ఖర్చు మన తాహతుకు మించినదని గ్రహించి, పండుగకు ముందే తగ్గించండి. తంగేడు, గునుగు పూలు చెలకల్లో కోసుకునేవే. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. పిల్లలకు బట్టలు మాత్రం నగదుకే కొనండి.

అందరికీ దసరా శుభాకాంక్షలు.