శనివారం ఉదయపు కార్టూన్లు

శనివారం ఉదయపు కార్టూన్లు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రధాన టెలివిజను సంస్థలు ప్రతి శనివారం ఉదయం పిల్లల కొరకు వరుసగా ప్రసారం చేసిన కార్టూన్ కార్యక్రమాలు. 1960వ దశకం మధ్య నుండి 1990వ దశకం వరకు వీటికి విశేష ఆదరణ ఉండేది. ఆ కాలంలో బాల్యం గడిపినవారు వీటిని నేటికీ మక్కువతో తలచుకుంటారు. అయితే ప్రసారమైన రోజులలో ఇవే కార్యక్రమాలను ఎందరో తల్లిదండ్రులు, విద్యావేత్తలు తీవ్రంగా విమర్శించారు. నాసిరకమని పేరుపడిన కార్యక్రమాలు తీపి జ్ఞాపకాలుగా ఎలా మారాయనేది వీటి చరిత్రలో గమనించదగిన విషయం.

నేపథ్యం

అమెరికాలో పాఠశాలలకు శని, ఆదివారాలు రెండూ సెలవు దినాలు. ఆదివారం ఉదయం అనేక కుటుంబాలు చర్చికి వెళ్ళేవి. కనుక పిల్లలు తీరికగా ఇంటిపట్టున ఉండేది శనివారం ఉదయమే. పెద్దలు ఆ సమయంలో టెలివిజను చూడడం తక్కువ కాబట్టి ప్రకటనల ధరలు కూడా తక్కువగా ఉండేవి. అల్పాహారపు సీరియల్, మిఠాయి, ఆటబొమ్మల తయారీదారులకు ఇది అనువైన అవకాశమైంది.

అప్పట్లో జాతీయ స్థాయిలో ప్రధానమైనవి ఎ.బి.సి., సి.బి.ఎస్., ఎన్.బి.సి. అనే మూడు సంస్థలే. ఈ కారణంగా దేశంలోని పిల్లలలో ఎక్కువమంది ఇంచుమించు ఒకే సమయంలో ఒకే కార్యక్రమాన్ని చూసేవారు. సోమవారం బడిలో అందరికీ అదే ముచ్చట.

చరిత్ర

సినిమా హాళ్ళ కొరకు తీసిన పాత కార్టూన్లను శనివారం ఉదయం ప్రసారం చేయడం 1950వ దశకంలోనే ఉంది. 1955లో సి.బి.ఎస్. మొదలుపెట్టిన మైటీ మౌస్ ప్లేహౌస్ ఇందుకు ఉదాహరణ. 1957లో ఎం.జి.ఎం. సంస్థ తన కార్టూన్ విభాగాన్ని మూసివేయగా, అక్కడ టామ్ అండ్ జెర్రీ చిత్రాలను రూపొందించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా స్వంతంగా స్టూడియో స్థాపించారు. వీరి తొలి టెలివిజను కార్యక్రమం రఫ్ అండ్ రెడ్డీ అదే సంవత్సరం డిసెంబరులో ఎన్.బి.సి.లో శనివారం ఉదయం ప్రారంభమైంది.

1966లో సి.బి.ఎస్. సంస్థలో పగటిపూట కార్యక్రమాల బాధ్యత వహిస్తున్న ఫ్రెడ్ సిల్వర్‌మన్ శనివారం ఉదయాన్ని సాహసవీరుల కార్టూన్లతో నింపాడు. ఇది విజయవంతం కావడంతో మిగిలిన సంస్థలు కూడా అదే బాట పట్టాయి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీల హత్యల తరువాత టెలివిజనులో హింసపై ఆందోళన పెరిగింది. దానితో సాహసవీరులు వెనుకబడి హాస్యం, సంగీతం ప్రధానంగా గల కార్యక్రమాలు ముందుకు వచ్చాయి.

నిర్మాణ పద్ధతి

సినిమా హాలు కార్టూన్లలో కదలిక సహజంగా ఉండేందుకు వేల కొలది బొమ్మలు గీసేవారు. టెలివిజను వారి కొద్దిపాటి బడ్జెట్టుకు అది సాధ్యం కాదు. అందుచేత పాత్ర శరీరాన్ని కదలకుండా ఉంచి, పెదవులు, కళ్ళు, చేతులు మాత్రమే మార్చే పరిమిత యానిమేషన్ పద్ధతిని అనుసరించారు. హన్నా-బార్బెరా జంతు పాత్రలలో కొన్నిటికి మెడలో కాలరు లేదా టై ఉండడానికి ఇదే కారణం. మెడ వద్ద అతుకు కనబడకుండా తలను మాత్రమే మళ్ళీ గీయవచ్చు. పరుగెత్తే పాత్ర వెనుక అవే చెట్లు, అవే కిటికీలు పదేపదే రావడం కూడా ఈ పొదుపులో భాగమే.

ఒక్కొక్క కార్యక్రమానికి ఏడాదికి సాధారణంగా 13 నుండి 17 భాగాలు మాత్రమే తయారయ్యేవి. మిగిలిన వారాలలో వాటినే మళ్ళీ మళ్ళీ ప్రసారం చేసేవారు. ఆ విధంగా ఒకే కథను పలుమార్లు చూసిన పిల్లలకు సంభాషణలు, పాటలు కంఠస్థమయ్యేవి. ఖర్చు తగ్గించుకొనేందుకు చేసిన పని జ్ఞాపకాలు బలపడడానికి తోడ్పడింది.

పేరొందిన కార్యక్రమాలు

* ది ఆర్చీ షో (సి.బి.ఎస్., 1968) - ఇందులోని కల్పిత గాయక బృందం పేరుతో విడుదలైన షుగర్ షుగర్ పాట 1969లో బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానం పొందింది.
* స్కూబీ డూ (సి.బి.ఎస్., 1969) - నలుగురు యువతీయువకులు, ఒక కుక్క కలిసి దయ్యాల గుట్టు విప్పే కథలు. చివరికి దయ్యం ముసుగులో ఉన్నది మనిషేనని తేలుతుంది.
* స్కూల్‌హౌస్ రాక్ (ఎ.బి.సి., 1973) - కార్యక్రమాల నడుమ వచ్చే సుమారు మూడు నిమిషాల పాఠ్య గీతాలు.
* సూపర్ ఫ్రెండ్స్ (ఎ.బి.సి., 1973) - సూపర్‌మాన్, బాట్‌మాన్ మొదలైనవారు కలిసి పనిచేసే కథలు.
* ది స్మర్ఫ్స్ (ఎన్.బి.సి., 1981) - బెల్జియం చిత్రకారుడు పెయో సృష్టించిన నీలిరంగు బుల్లి మనుషుల కథలు.

విద్యాపరమైన ప్రయత్నం

స్కూల్‌హౌస్ రాక్ పుట్టుక ఉపాధ్యాయులు తెలుసుకోదగినది. డేవిడ్ మెకాల్ అనే ప్రకటనల సంస్థ అధిపతి తన కుమారుడు ఎక్కాలు గుర్తుపెట్టుకోలేకపోయినా రాక్ పాటలను అవలీలగా పాడడం గమనించాడు. ఎక్కాలనే పాటలుగా కట్టిస్తే నేర్చుకొంటాడని భావించాడు. గణితంతో మొదలైన ఈ గీతాలు వ్యాకరణం, చరిత్ర, విజ్ఞానశాస్త్రాలకు విస్తరించాయి. ఒక బిల్లు చట్టంగా మారే క్రమాన్ని తెలిపే పాట మిక్కిలి ప్రసిద్ధి పొందింది. ప్రకటనదారులు సరకు అమ్మేందుకు వాడిన కిటుకు ఇక్కడ పాఠానికి ఉపయోగపడింది.

విమర్శలు, నియంత్రణ

1968లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పెగ్గీ చారెన్, మరికొందరు తల్లులు కలిసి యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్ అనే సంఘాన్ని స్థాపించారు. ప్రకటనకూ కథకూ తేడా తెలియని పసివారిని కొనుగోలుదారులుగా చూడరాదని వీరి వాదన. 1974లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పిల్లల కార్యక్రమాలపై విధాన ప్రకటన చేసింది. కార్యక్రమంలోని పాత్రలే ఆ కార్యక్రమ సమయంలో సరకులను అమ్మే పద్ధతిని అది తప్పుపట్టింది. 1984లో కమిషన్ ప్రకటనల పరిమితులను ఎత్తివేసింది. తిరిగి 1990లో వచ్చిన పిల్లల టెలివిజను చట్టం వారాంతాలలో గంటకు పదిన్నర నిమిషాలు, మిగిలిన రోజులలో 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండరాదని నిర్ణయించింది.

క్షీణత

1979లో ప్రారంభమైన నికలోడియన్, 1992లో ప్రారంభమైన కార్టూన్ నెట్‌వర్క్ వంటి కేబుల్ చానళ్ళు పిల్లల కార్యక్రమాలను ప్రతిరోజూ అందుబాటులోకి తెచ్చాయి. వీడియో క్యాసెట్లు కూడా వ్యాపించడంతో శనివారం కొరకు ఎదురుచూడవలసిన అవసరం లేకపోయింది. 1992లో ఎన్.బి.సి. కార్టూన్లను మానుకొన్నది. వారానికి మూడు గంటల విద్యాపరమైన కార్యక్రమాలు ఉండాలని 1996లో చేసిన నిబంధన కూడా మార్పుకు దోహదం చేసింది. 2014 సెప్టెంబరు 27న సి.డబ్ల్యు. సంస్థ తన వోర్టెక్స్ కార్యక్రమాన్ని ముగించడంతో ఈ సంప్రదాయం అంతమైనదని పత్రికలు వ్రాశాయి.

జ్ఞాపకాలు, పునఃప్రసారాలు

జ్ఞాపకాలపై మక్కువ క్రమంగా మరొక వ్యాపారమైంది. 1966 నాటి స్పేస్ ఘోస్ట్ పాత్రను 1994లో పెద్దల హాస్య కార్యక్రమంలో ఇంటర్వ్యూలు చేసే వ్యక్తిగా చూపారు. 2000లో పాత కార్టూన్ల కొరకే బూమరాంగ్ చానల్ ప్రారంభమైంది. మీ టీవీ సంస్థ 2021లో శనివారం ఉదయాలలో పాత కార్టూన్ల ప్రసారం మొదలుపెట్టి, 2024లో వాటికి ప్రత్యేక చానల్‌ను ఏర్పాటు చేసింది.

ఈ కార్టూన్లను నేడు ఏ సమయంలోనైనా చూడవచ్చు. అయినప్పటికీ ఆనాటివారు తలచుకొనేది బొమ్మలను మాత్రమే కాదు. వారమంతా ఎదురుచూడడం, పెద్దలు లేవకముందే టెలివిజను ముందు చేరడం, తోబుట్టువులతో చానల్ కొరకు తగవులాడడం, దేశంలోని పిల్లలందరూ అదే చూస్తున్నారన్న భావన ఆ జ్ఞాపకాలలో భాగాలు. ఇవన్నీ ఆ కార్యక్రమాలు అరుదుగా దొరకడం వలన కలిగినవి. పునఃప్రసారాల ద్వారా బొమ్మలు తిరిగి లభించినా, ఆ ఎదురుచూపు మాత్రం తిరిగి లభించలేదు.