గుడియాత్తం బాటలో తొలి మోటారు

మోటారు కార్ల చరిత్ర వ్రాసేవారు రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో తయారైన విలాసపు కార్ల వద్ద చాలాసేపు ఆగుతారు. అందుకు కారణం లేకపోలేదు. 1936లో పారిస్ ప్రదర్శనలో వెలుగు చూసిన మెర్సిడెస్ బెంజి 540కె కారును తలచుకుంటే చాలు. వరుసగా ఎనిమిది సిలిండర్లు, 5,401 ఘనపు సెంటీమీటర్ల ఇంజను; మామూలు నడకలో 115 అశ్వశక్తి. కాలితో పెడలును అడుగంటా నొక్కితే కంప్రెసరు అందుకొని, పెద్ద కేకతో ఆ శక్తిని 180కి పెంచేది. అక్షరాల చివర ఉన్న ‘కె’ ఆ కంప్రెసరుకు గుర్తు. సిండెల్ఫింగెన్ కర్మాగారంలో పనివారు చేతితో మలచిన ఆ కారు దేహాలలో పైకప్పు మడచుకొనే రకాలకే గిరాకీ హెచ్చు. అన్ని రకాలూ కలిపి తయారైనవి నాలుగు వందల పైచిలుకు మాత్రమే. 2012లో అమెరికాలో జరిగిన వేలంలో అటువంటి ఒక కారు కోటి పదిహేడు లక్షల డాలర్లకు పైగా పలికింది. మన దేశంలో పటియాలా మహారాజు భూపీందర్ సింగుకు 1935లో హిట్లరు మేబాక్ కారును కానుకగా ఇచ్చాడని ఆ రాజకుటుంబీకులు చెప్పేవారు. అవన్నీ కోట గోడల లోపలి కథలు.

పాలారు తీరపు మోటారు కథ వేరు. అది అంతకు పాతికేళ్ళకు పైగా ముందటిది. అందులో రాజులు లేరు.

ఈ కథకూ జర్మనీకీ ఒక చిత్రమైన పోలిక ఉన్నది. 1888లో కార్ల్ బెంజి భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మూడు చక్రాల బండిపై మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. దారిలో ఇంధనం తరిగిపోగా, వీస్లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణానికి వెళ్ళి, మరకలు తుడవడానికి అమ్మే లిగ్రోయిన్ ద్రవాన్ని కొని పోసింది. మోటారుకు తొలి దూరప్రయాణంలో దారి చూపినది ఒక స్త్రీ, ఆదుకొన్నది ఒక మందుల కొట్టు. ఇరవై ఏళ్ళ తరువాత తెలుగువారు రాయవేలూరు అని పిలిచే వేలూరులో మోటారే మందుల కొట్టయింది. దానిని నడిపించిన సంకల్పమూ స్త్రీదే.

అప్పటికి దక్షిణాదికి మోటారు పూర్తిగా కొత్తది కాదు. 1903లో మద్రాసులోని సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరి కారును నిర్మించాడు. రెండేళ్ళకు అదే కంపెనీ ఆవిరి బస్సు బెజవాడ, బందరుల మధ్య నడిచింది. అయినా ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెలకు ఎద్దుబండి, జట్కాలే దిక్కు. జిల్లాకు అప్పటి ముఖ్య పట్టణం చిత్తూరు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయిన తరువాతనే వేలూరుకు ఆ హోదా దక్కింది. వేలూరు నుండి గుడియాత్తానికి సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు. గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచే ఎద్దుబండికి అది ఒక పగటి ప్రయాణం.

రైలు లేదా అని అడగవచ్చు. కాట్పాడి, గుడియాత్తం మీదుగా రైలు 1860ల నుండీ ఉన్నది. కాని రైలు స్టేషనులోనే ఆగుతుంది. చింతచెట్టు క్రింద ఆగదు. గుడియాత్తం బాటలో కావలసినది చెట్టు క్రింద ఆగే బండి.

ఆ అవసరాన్ని గుర్తించినది డాక్టర్ ఐడా స్కడర్. 1870లో రాణిపేటలో జన్మించిన ఆమె, 1890లో తిండివనంలో తల్లిదండ్రుల వద్ద ఉండగా, ఒకే రాత్రి మూడు ఇళ్ళవారు ప్రసవ వేదన పడుతున్న తమ ఆడవారి కోసం ఆమె సాయం కోరి వచ్చారు. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. ఆమె తండ్రి వైద్యుడే. కాని పరపురుషుడు స్త్రీని తాకరాదన్న కట్టుబాటు ఆయనను గడప దాటనీయలేదు. తెల్లవారేసరికి ముగ్గురూ మరణించారు. ఆ మరణాలే ఆమెను వైద్యవిద్యకు పంపాయి. 1899లో కార్నెల్‌లో పట్టా పొంది, మరుసటి ఏడు తిరిగి వచ్చి, 1902లో వేలూరులో నలభై పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రిని నెలకొల్పింది. కాని ఆసుపత్రి వెలసినంత మాత్రాన పల్లె స్త్రీ అక్కడికి రాగలదా? వెంట వచ్చే మగవాడు కావాలి, బండి కావాలి, కూలి పోగొట్టుకోవాలి. రోగి రాలేనప్పుడు వైద్యురాలే వెళ్ళాలి.

1909 ప్రాంతంలో ఆమెకు ఒక చిన్న ఫ్రెంచి ప్యూజో కారు అందింది. దానికి ఉన్నది ఒకే ఒక సిలిండరు. ఎనిమిది సిలిండర్ల 540కె పక్కన నిలిపితే బొమ్మబండి అనిపించే వాహనం. ఆ కాలపు చిన్న కార్లు చాలావరకు పైకప్పు తెరచి ఉండేవే. 1936లో విలాసమైనది 1909లో ఎండకూ దుమ్ముకూ ఒప్పుకోవడమే. మొదట్లో ఆ మోటారు చప్పుడుకు పల్లెజనం దయ్యం వస్తున్నదని భయపడి పారిపోయారని ఆమె జీవిత చరిత్రకారులు వ్రాశారు. కాని ఆ భయం ఎంతోకాలం నిలువలేదు. వారం వారం గుడియాత్తం వెళ్ళే దారిలో నియమిత స్థలాలలో బండి ఆగేది. చెట్టునీడే చికిత్సాలయం. పుండ్లు కడిగి కట్టు కట్టడం, కురుపులు కోయడం, పళ్ళు పీకడం, కళ్ళకు మందు వేయడం అక్కడే జరిగేవి. అక్కడ తీరని జబ్బులకు వేలూరు ఆసుపత్రి ఉన్నది. కుష్ఠు రోగులను సైతం ఆ చెట్లు వెళ్ళగొట్టలేదు. ఈ సంచార వైద్యానికి ‘రోడ్‌సైడ్’ అన్న పేరు స్థిరపడింది.

ఒక్క వైద్యురాలితో ఒక్క బాట మాత్రమే సాగుతుందని ఐడాకు త్వరలోనే తెలిసివచ్చింది. 1909లోనే నర్సుల శిక్షణ మొదలైంది. 1918 ఆగస్టు 12న మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభువు వేలూరులో స్త్రీల వైద్య పాఠశాలను ప్రారంభించాడు. 1942లో అది కళాశాల స్థాయికి ఎదిగింది, 1947లో పురుషులకూ ప్రవేశం లభించింది. అక్కడి విద్యార్థినులు పాఠ్యపుస్తకంతో పాటు గుడియాత్తం బాటనూ చదివారు; చెట్టు క్రింద బండి ఆగగానే మందుల పెట్టెలు దించి, అప్పటికే బారులు తీరిన వారి మధ్యకు నడిచారు.