బ్యాక్‌వర్డ్‌నెస్: అర్థం, వాడుక

బ్యాక్‌వర్డ్‌నెస్ అనే ఇంగ్లీషు మాటను తెలుగులో వెనుకబాటుతనం అంటాం, ఉర్దూలో పస్మాందగీ. పస్ అంటే వెనుక, మాందా అంటే మిగిలిపోయిన. ఫారసీ నుంచి వచ్చిన మాట. నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలో ‘మావాడు లెక్కల్లో బ్యాక్‌వర్డ్’ అంటే చదువు సరిగ్గా ఎక్కట్లేదని. ఈ అర్థం పట్టుకొని కుల సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసుకు వెళితే లాభం లేదు. పేదరికం అనే అర్థమూ అక్కడ చాలదు.

చట్టం లెక్కలో వెనుకబాటుతనం ఒక మనిషిది కాదు, ఒక వర్గానిది. 1951లో రాజ్యాంగంలో చేరిన 15(4) అధికరణ ‘సామాజికంగా, విద్యాపరంగా’ వెనుకబడిన తరగతులు అంటుంది; ‘ఆర్థికంగా’ అనదు. 1992లో ఇంద్రా సాహ్ని కేసులో సుప్రీంకోర్టు కూడా, ఆదాయం ఒక్కటే చూసి దీన్ని తేల్చకూడదని చెప్పింది. బీసీలో ‘సీ’ అంటే క్లాస్. చాలామంది కాస్ట్ అనుకుంటారు.

మన కుటుంబాలకు తేడా వచ్చేది ఇక్కడే. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా వాళ్లు బీసీ-బీ కింద ఉన్నారు. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈలో షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్, అత్తరు సాయిబులు, లబ్బీ వంటి వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ అందులో లేరు. ఒకే వీధిలో, ఒకే మసీదుకు వెళ్లే రెండిళ్లలో షేక్ ఇంటి పిల్లకు బీసీ-ఈ సర్టిఫికెట్ వస్తుంది. అంతకంటే పేదింటి పఠాన్ పిల్లకు రాదు. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ ఇక్కడ తూచేది ఇంటి ఆదాయం కాదు, ఆ వర్గం సమాజంలో, చదువులో ఎక్కడ నిలిచిందన్నది. బీసీలో లేని పేద కుటుంబాలకు 2019 రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ దారి ఉంది. అక్కడ ఏడాదికి రూ.8 లక్షల లోపు కుటుంబ ఆదాయం లాంటి లెక్కలు చూస్తారు.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ 2007 చట్టాన్ని కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో జాబితాలో పేర్లున్న వర్గాలకు రిజర్వేషన్ నిలిచింది. అక్కడా వాదన తిరిగింది ఈ మాట చుట్టే: వెనుకబాటుతనాన్ని సరిగ్గా సర్వే చేసి తేల్చారా, లేక మతం చూసి ఇచ్చారా అని.

పరీక్షలో ఈ మాట రాసే పిల్లలు దాన్ని ఒంటరిగా వదలకూడదు. సోషల్ బ్యాక్‌వర్డ్‌నెస్, ఎడ్యుకేషనల్ బ్యాక్‌వర్డ్‌నెస్, ఎకనామిక్ బ్యాక్‌వర్డ్‌నెస్ అని ఏదో తేల్చి రాయాలి. దీనికి బహువచనం వాడరు.