గురువులు, రాజకీయాలు: మన చరిత్రలో రెండు సాక్ష్యాలు

గురువుకు రాజకీయాలెందుకని కొందరు, ఆయన నోరు విప్పకపోతే పేదవాని పక్షాన ఎవరు మాట్లాడతారని కొందరు మన సంఘాలలో వాదించుకోవడం క్రొత్త కాదు. పామిడిలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఈ మాట లేస్తుంది. మన పెద్దలు దీనిని ఎలా ఎదుర్కొన్నారో చూడడం మంచిది.

దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న అభిషేకము పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని మెక్‌డొనాల్డు కమ్యూనల్ అవార్డు ప్రకటించి, మద్రాసు రాజధానిలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు సంతోషించిన క్రైస్తవ నాయకులు చాలామంది. సీట్లు వస్తాయి, మంత్రి పదవి కూడా రావచ్చు! అజరయ్యగారు మాత్రం వద్దన్నారు. క్రైస్తవులకు వేరే ఓటర్ల జాబితా ఉంటే సంఘము ఒక కులమైపోతుంది. బాప్తిస్మము పొందిన ప్రతివాడూ ఒక ఓటుగా లెక్కకు వస్తాడు. పొరుగు హిందువు మనలను అనుమానంతో చూస్తాడు. ఇదీ ఆయన భయము. ఆ భయము ఊరకనే పుట్టలేదు. దోర్నకల్ ప్రాంతంలో మాల, మాదిగ పల్లెలు మూకుమ్మడిగా క్రైస్తవమతంలోకి రావడంపై గాంధీగారే విమర్శలు చేశారు.

ఆయన మాట నెగ్గలేదు. 1935 చట్టంలో ప్రత్యేక స్థానాలు వచ్చాయి. అయినా రాజకీయము వద్దన్న ఆ మాటే పెద్ద రాజకీయ నిర్ణయమని నాకు తోస్తుంది. తన సొంతవారికి వచ్చే లాభాన్ని వద్దనడానికి గుండె కావాలి. అజరయ్యగారు 1945 జనవరి 1న పరమపదించారు. 1949లో రాజ్యాంగ సభ మతాల వారీ రిజర్వు స్థానాలను తీసివేసింది. ఆ సభలో మద్రాసు నుండి ఎన్నికైన జెసూట్ గురువు జెరోమ్ డిసౌజాగారు ఉన్నారు. అంటే గురువులు చట్టసభలో కూర్చున్న దృష్టాంతం కూడా మనకుంది.

కాని ఇక్కడే మన పల్లెవారికి చిక్కు వచ్చింది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవులైనవారిని ఆ జాబితాకు వెలుపల ఉంచింది. తరువాత సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరుచుకుంది, మనకు తెరుచుకోలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపులో ఒక శాతంతో సరిపెట్టుకుంటున్నారు. మన పక్కనే ఉన్న శింగనమల రిజర్వు నియోజకవర్గంలో ఓటు వేయవచ్చు గాని, చట్టప్రకారం క్రైస్తవుడు అక్కడ అభ్యర్థి కాలేడు. ఇది పదవుల ఆశ కాదు, పిల్లవాని చదువు మాట, ఉద్యోగం మాట. దీనిని గురించి బిషప్పులు ఢిల్లీకి విజ్ఞప్తులు చేస్తే రాజకీయమంటారా?

మన జిల్లాలోని మరొక సాక్ష్యం విన్సెంట్ ఫెర్రర్ గారిది. స్పెయిను దేశము నుండి 1952లో వచ్చిన ఈ జెసూట్ గురువు మహారాష్ట్రలోని మన్మాడులో బీద రైతులచేత బావులు త్రవ్వించారు. అది అక్కడి పెద్దలకు గిట్టలేదు. 1968లో వెళ్ళిపొమ్మని ఉత్తర్వు వచ్చింది. వేలాది రైతులు ఆయన కొరకు బొంబాయికి నడిచివెళ్ళారు. 1969లో ఆయన ఈ కరువు జిల్లాకు వచ్చారు. మరుసటి యేడు జెసూట్ సభను వదిలారు, వివాహం చేసుకున్నారు, కాని పనిని వదలలేదు. 2009 జూన్ 19న కన్నుమూసేవరకు ఓట్లడగలేదు. ఐనా వాన రాని చోట నీటిగుంట ఎవరి పొలం దగ్గర త్రవ్వాలనేది రాజకీయము కాకపోతే మరేమిటి?

ఈ రెంటికీ భిన్నమైనది అభ్యర్థిని ఆరాధన మధ్యలో నిలబెట్టి దీవించడం. 1988 చట్టము ప్రార్థనాలయాలను రాజకీయ కార్యకలాపాలకు వాడడాన్ని నేరము చేసింది. మతము పేర ఓట్లడగడం ఎన్నిక రద్దుకు దారితీయగల అవినీతి చర్యయని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము విస్తరించి చెప్పింది. ఆ దీవెన తరువాత ఎదుటి పార్టీకి ఓటువేసే విశ్వాసి అదే వరుసలో కూర్చుని బల్ల యొద్దకు రావాలి. అతని ముఖం చూచిన గురువుకు చట్టము చదివి వినిపించనక్కరలేదు.