ఓబులేసు కోపం: పుట్టుపూర్వోత్తరాలు

కర్నూలు, కడప పల్లెల్లో ఓబులేసు, ఓబులమ్మ అనే పేర్లు లేని ఊరు అరుదు. ఆ పేర్లకు మూలం నల్లమలలోని నరసింహ క్షేత్రం అహోబిలం. 2022 దాకా అది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. కోపం ఎలా పుడుతుందో, ఎలా దిగుతుందో ఒక కొండంతా పరిచి చెప్పిన చోటు అది.

రోములో సెనెకా కోపం మీదే ఒక గ్రంథం రాసి, దాన్ని వేరుతో పెకలించాలన్నాడు. మన అరిషడ్వర్గంలోనూ క్రోధం శత్రువే. నాట్యశాస్త్రం మాత్రం దాన్ని రౌద్రరసానికి స్థాయిభావంగా ఒప్పుకుంది. అహోబిలం ఈ రెండో పక్షం.

భవనాశిని వాగు వెంట పైకి పోతే హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న జ్వాలా నరసింహుడు. ఆయన చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం అక్కడే. మరోచోట లక్ష్మితో కూర్చున్న మాలోలుడు. ఛత్రవటం దగ్గర గంధర్వుల పాట వింటూ తాళం వేస్తున్నవాడూ ఆయనే. తొమ్మిది రూపాలు, ఒక్క దేవుడు. తిరుమంగై ఆళ్వారు వెయ్యేళ్ళకు ముందే ఈ కొండను పాడాడు, అదీ మనిషి చేరలేని భయంకరమైన చోటుగా.

ఇంతకీ ఆ కోపం ఎక్కడిది? మనకో, మనవాళ్ళకో జరిగిన అవమానంలోంచి కోపం పుడుతుందని అరిస్టాటిల్ అన్నాడు. ఇక్కడ బాధపడినవాడు హిరణ్యకశిపుడి కొడుకు, పసివాడు ప్రహ్లాదుడు. వాడి మీద ప్రేమ లేకపోతే నరసింహుడు వెలువడిన ఆ స్తంభం పగిలేది కాదు. అందుకే నీతులతో ఆ కోపం చల్లారలేదు. భాగవతం సప్తమ స్కంధంలో దేవతలు స్తుతించినా లాభం లేకపోయింది, లక్ష్మి కూడా దగ్గరికి పోను జంకింది. చివరికి ప్రహ్లాదుడు వెళ్ళి పాదాల మీద పడితే, స్వామి వాడి తల మీద చేయి పెట్టాడు.

నల్లమల చెంచులు చెప్పే కథ నాకు ఇంకా ఇష్టం. అడవిలో ఉగ్రంగా తిరిగేవాణ్ణి చెంచుపిల్ల మెత్తబరిచింది. తేనె తియ్యడం, గడ్డలు తవ్వడం చేతనైతే గానీ పిల్లనియ్యమన్నారు ఆమెవాళ్ళు. దేవుడు ఆ పనులన్నీ నేర్చుకున్నాడు. పైగా మొదటి భార్య ఆదిలక్ష్మి అలక ఒకటి! కోపం, వలపు, అసూయ, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. నేటికీ చెంచులకు ఆయన బావే.

1999లో 'సమరసింహా రెడ్డి' వచ్చాక సినిమాలు రాయలసీమ కోపానికి కత్తినీ సుమోనూ మాత్రమే మిగిల్చాయి. ఇంత లోతుగా కోపం గురించి ఆలోచించిన నేలకు ఆ ముద్ర పడటం నన్ను నొప్పిస్తుంది.

అహోబిలంలో మాత్రం ఏటా కనుమ నాడు పారువేట ఉత్సవం మొదలవుతుంది. ఎగువ నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో కూర్చుంటారు. చెంచులు పల్లకికి బాణాలు వేస్తారు. అక్కణ్ణుంచి నలభై రోజులకు పైగా స్వామి ఊరూరా తిరుగుతాడు, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని జనాన్ని పిలవడానికి.