ఫిరంగికి తగ్గ బండి



ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లే దారిలో మిలటరీ లారీల వరుస మీలో కొందరికి ఎదురై ఉంటుంది. లారీ వెనుక ఒక ఫిరంగి, దాని గొట్టానికి గుడ్డ తొడుగు. విమానాలను కూల్చే ఫిరంగుల శిక్షణ పాఠశాల 1989లో దేవలాలి నుంచి గోపాల్‌పూర్‌కు వచ్చింది. మన చూపంతా ఫిరంగి మీదే ఉంటుంది కాని, ఈ రోజు నేను చెప్పబోయేది దాన్ని లాగే బండి సంగతి.

ఏ బరువుకు ఏ బండి కట్టాలన్నది పాత ప్రశ్నే. 1878లో మొదలైన రెండవ అఫ్గాన్ యుద్ధంలో ఇంగ్లీషువారు పెద్ద ఫిరంగులకు ఏనుగులను కట్టారు. ఒకదాని ముందొకటిగా రెండు ఏనుగులు ఒక ఫిరంగిని సునాయాసంగా లాగేవి. అయితే గుండ్లు పేలే చోట ఏనుగు నిలవదు, బెదురుతుంది. అందుకని యుద్ధరంగం దగ్గరపడగానే ఏనుగులను విప్పి ఎడ్లను కట్టేవారు. బలమున్నది వేరు, నిలిచేది వేరు!

తర్వాత గుర్రాలు, ఆ తర్వాత మోటార్లు వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధంలో మారిస్ కంపెనీ 'క్వాడ్' అనే బండి నాలుగు చక్రాలతోనూ లాగేది. వెనుక 32 గుండ్లు పట్టే పెట్టెబండి, దాని వెనుక ఫిరంగి. సిపాయిలు, సామాను అంతా క్వాడ్‌లోనే. ఈనాడు విదేశాల్లో పందెం కార్లను ట్రెయిలర్ మీద తీసుకెళ్లేవారు ఇల్లులాంటి మోటారు బండి కొనాలా, లారీ కొనాలా అని ఆలోచిస్తారు. వారి చిక్కూ ఇదే: లాగాలి, మనుషులు కూర్చోవాలి, పనిముట్లూ పట్టాలి.

మన సైన్యంలో 23 మిల్లీమీటర్ల జంట గొట్టాల ఫిరంగి బరువు సుమారు 950 కిలోలు. దానికి చిన్న బండి చాలు. ఎల్-70 అనే 40 మిల్లీమీటర్లది సుమారు 5 టన్నులు. దానికి పెద్ద లారీ కావాలి. జబల్‌పూర్‌లో 1959 నుంచి తయారైన శక్తిమాన్ లారీల్లో ఫిరంగులు లాగే రకం కూడా ఉండేది. ఇక్కడ ఇంజను బలం ఒక్కటే చూస్తే మోసపోతాం. పల్లంలో వెనుక బరువు ముందు బండిని నెడుతుంది. అప్పుడు ఆపగలదా అన్నదే అసలు పరీక్ష.

ఇది సిపాయిలకే పరిమితమైన విషయం కాదు. రెండు చక్రాల ట్రాలీలో ధాన్యం బస్తాలన్నీ వెనక్కి వేస్తే కొక్కెం పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు వేస్తే ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. ఆ ట్రాలీలోనే పెళ్లివారిని కూడా ఎక్కిస్తారు, అదే నాకు భయం. మన పెద్దలకు ఈ లెక్క ఎడ్లబండితోనే తెలుసు. బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడ నొక్కుతుంది. వెనక్కి పడితే కాడి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. బండివాడు దిగి, రెండు బస్తాలు అటూ ఇటూ జరిపి, మళ్లీ ఎక్కేవాడు.