పిల్లల బ్యాటరీ కారు ఆగిపోయిందా? పారేసే ముందు ఇవి చూసుకోండి

మా ఆపా కొడుకుకి పుట్టినరోజుకు కొనిచ్చిన బ్యాటరీ జీపు ఏడాది తిరగకముందే మూలన పడింది. పెడల్ తొక్కితే అంగుళం కూడా కదల్లేదు. గల్లీలో రిపేర్లు చేసే ఒకాయనకి ఇస్తే అరగంటలో నడిపించి చూపించాడు. అందరం ఖుష్. రెండో రోజు సీటు కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. సీటు ఎత్తి చూస్తే ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. బ్యాటరీ వైరు మీది తొడుగు కరిగి ముద్దయిపోయింది. ఆ సీటు మీదే మా పిల్లాడు కూర్చుని తిరుగుతున్నాడు.

అసలు సమస్య ఏంటంటే, వెనక చక్రానికి పతంగి మాంజా చుట్టుకుని బిగుసుకుపోయింది. చక్రం తిరగక మోటార్ ఎక్కువ కరెంటు లాగింది, ఫ్యూజ్ కాలింది. ఫ్యూజ్ తన పని తాను చేసింది. మనిషే దాని పని చెడగొట్టాడు.

ఇలాంటి బండ్లు ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఉన్నాయి. ఆగిపోతే కొందరు కబాడీకి వేస్తారు, కొందరు ఎవరితోనో ఏదో చేయించి నడిపిస్తారు. రెండూ అవసరం లేదు. లోపల ఉండేవి తక్కువ భాగాలే. ఏది పోయిందో తెలుసుకుంటే ఖర్చు తగ్గుతుంది, పిల్లాడూ సేఫ్‌గా ఉంటాడు.

లోపల ఏముంటుంది?

సీటు కింద బ్యాటరీ, దానికి ఫ్యూజ్. అక్కడి నుంచి పెడల్ స్విచ్, ముందుకు-వెనక్కి మార్చే స్విచ్. రిమోట్ ఉన్న బండి అయితే ఒక చిన్న సర్క్యూట్ బోర్డు. వెనక చక్రాల దగ్గర ఒకటి లేదా రెండు మోటార్లు, ఒక్కో మోటార్‌కి ప్లాస్టిక్ పళ్ల చక్రాలున్న గేర్‌బాక్స్. అంతే.

చిన్న బండ్లు 6 వోల్టులవి. మామూలు జీపులు, కార్లు 12 వోల్టులవి. పెద్దవి 24 వోల్టులవి, వాటిలో ఎక్కువగా రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. కొన్ని 12 వోల్టుల బండ్లలో రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. కాబట్టి డబ్బా మీద రాసింది కాదు, సీటు ఎత్తి బ్యాటరీ మీద రాసింది చదవండి.

ముందు బ్యాటరీ పరీక్ష

కోఠి గుజరాతీ గల్లీలో తక్కువ రకం మల్టీమీటర్ కొన్ని వందల్లోనే దొరుకుతుంది. ఒకసారి కొంటే ఇంట్లో చాలా పనులకు వస్తుంది. ఛార్జింగ్ పూర్తయ్యాక ఛార్జర్ తీసేసి రెండు, మూడు గంటలు ఆగి కొలవండి. వెంటనే కొలిస్తే తప్పుడు లెక్క చూపిస్తుంది.

12 వోల్టుల బ్యాటరీ నిండితే 12.7 లేదా ఆ పైన చూపించాలి. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అని అర్థం. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగితే లోపలి ఆరు సెల్స్‌లో ఒకటి పోయినట్టే. 6 వోల్టుల దానికి నిండినప్పుడు 6.4 చుట్టూ రావాలి.

ఒక్కోసారి వోల్టులు బాగానే చూపిస్తుంది, పిల్లాడు ఎక్కితే మాత్రం బండి చచ్చిపోతుంది. దీనికి బైక్ మెకానిక్‌లు వాడే చిట్కా ఉంది. 12 వోల్టుల, 35 వాట్ల బైక్ హెడ్‌లైట్ బల్బును బ్యాటరీకి కలిపి చూడండి. అది దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. కొద్ది నిమిషాల్లోనే వెలుగు తగ్గి, మీటర్ 11 కంటే కిందికి జారుతుంటే బ్యాటరీ పనైపోయింది. బల్బు బాగా కాలుతుంది, చేత్తో పట్టుకోవద్దు. 6 వోల్టుల బ్యాటరీకి ఈ పరీక్ష పనికిరాదు.

బ్యాటరీ ఎందుకు త్వరగా పోతుంది? ఇవి ఎక్కువగా సీల్ చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఖాళీగా వదిలేస్తే లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కోలుకోవు. అంటే వాడినందుకంటే వాడకుండా మూలన పడేసినందుకే ఎక్కువ పాడవుతాయి. ఎండాకాలం సెలవుల్లో వాడి, స్కూళ్లు తెరిచాక మర్చిపోయే ఇళ్లల్లో జరిగేది ఇదే.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు

నాలుగు విషయాలు చూడాలి. వోల్టులు, ఏహెచ్, సైజు, టెర్మినల్.

వోల్టులు పాతదానికి ఎంత ఉంటే అంతే ఉండాలి. ఇందులో బేరం లేదు. ఏహెచ్ అంటే ఎంత సేపు నడుస్తుందనే లెక్క. 4.5 ఏహెచ్ ఉన్న చోట 7 ఏహెచ్ పెట్టొచ్చు, సీటు కింద స్థలం ఉంటే చాలు. స్పీడు పెరగదు, టైము పెరుగుతుంది. ఛార్జింగ్‌కీ ఎక్కువ సేపు పడుతుంది. 7 ఏహెచ్ అనేది 20 గంటల లెక్కన రాసే అంకె. బండి ఒకేసారి చాలా కరెంటు లాగుతుంది కాబట్టి అంత మొత్తం చేతికి రాదు.

సైజు కొలిచి వెళ్లండి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మామూలుగా 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు ఉంటుంది. బరువు దాదాపు రెండు కిలోలు. చేతిలోకి తీసుకుంటే మరీ తేలిగ్గా ఉందంటే లోపల సీసం తక్కువని అనుమానించాలి. టెర్మినల్ రేకు రెండు రకాలు, సన్నది 4.75 మిల్లీమీటర్లు, వెడల్పుది 6.35. పాత క్లిప్పు వదులుగా కూర్చుంటే అక్కడే వేడి పుడుతుంది.

బొమ్మల షాపులోనే కొనాలని లేదు. 12 వోల్టుల 7 ఏహెచ్ అంటే కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండేదే. ఊళ్లల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండే 12 వోల్టుల 8 ఏహెచ్ బ్యాటరీ కూడా మామూలుగా ఇదే సైజు. 6 వోల్టుల 4.5 ఏహెచ్ అయితే ఎమర్జెన్సీ లైట్లలో వాడేది. కాబట్టి జిల్లాల్లో ఉన్నవాళ్లు యూపీఎస్ షాపులో, ఎరువుల దుకాణం పక్కన స్ప్రేయర్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర అడగండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్ రాణిగంజ్ ఉన్నాయి. చక్రాలు, రిమోట్‌ల లాంటి బొమ్మ భాగాలకు బేగంబజార్‌లో తిరగాలి.

తయారైన తేదీ చూడండి. షాపులోనే మీటర్ పెట్టించండి. 12.5 కంటే తక్కువ చూపించే "కొత్త" బ్యాటరీ చాలా రోజులు అరలో పడి ఉన్నదని అర్థం. బిల్లు తీసుకోండి, బిల్లు లేకుండా వారంటీ అడగలేం.

రెండు బ్యాటరీలు వరుసగా ఉన్న బండి అయితే రెండూ ఒకేసారి మార్చండి. పాతది ఒకటి ఉంచితే అది కొత్తదాన్ని కూడా తొందరగా లాగేస్తుంది.

మార్చే పద్ధతి

స్విచ్ ఆపండి. ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు తీయండి. తీసే ముందు ఫోన్‌తో ఫోటో కొట్టుకోండి. కొత్తది పెట్టేటప్పుడు ముందు ఎర్రది, చివర్లో నల్లది. వైర్లు తారుమారైతే సర్క్యూట్ బోర్డు ఒక్క క్షణంలో పోతుంది. స్పానర్, స్క్రూడ్రైవర్ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగలనివ్వొద్దు, నిప్పు రవ్వలు ఎగురుతాయి. బ్యాటరీని పట్టీతో బిగించండి, గుంతలో పడినప్పుడు కదలకూడదు.

ఫ్యూజ్ కాలితే అదే ఆంపియర్ అంకె ఉన్న ఫ్యూజే వేయండి. పెద్దది వద్దు, తీగ అసలే వద్దు, సిగరెట్ పెట్టెలో వచ్చే వెండి కాగితం వద్దు. మళ్లీ కాలిందంటే కారణం వేరే చోట ఉంది. చక్రం బిగుసుకుందా, వైరు ఒరుసుకుందా, మోటార్ జామ్ అయ్యిందా చూడాలి. ఇది చిన్న విషయం కాదు. 1998లో అమెరికాలో ఫిషర్ ప్రైస్ కంపెనీ పవర్ వీల్స్ బండ్లను కోటి వరకు వెనక్కి పిలిపించి రిపేర్ చేయాల్సి వచ్చింది. కారణం కరెంటు భాగాలు వేడెక్కి మంటలు రావడమే.

బ్యాటరీ బాగుంది, బండి కదలదు

మోటార్ శబ్దం వస్తోంది కానీ చక్రం తిరగట్లేదంటే, లేదా కరకరమని నలిగిన చప్పుడు వస్తుంటే గేర్ పళ్లు అరిగాయి. గేర్‌బాక్స్ స్క్రూలు విప్పితే ఏ పన్ను విరిగిందో కంటికే కనిపిస్తుంది. కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లండి. కుడి, ఎడమ వేరువేరుగా ఉంటాయి. మోటార్ మీది నంబర్ (380, 390, 550 లాంటివి), వోల్టులు, ఆర్‌పీఎం, మోటార్ కొసన ఉన్న చిన్న గేర్ పళ్ల లెక్క అన్నీ కలవాలి. ఒక పక్కది వేరే స్పీడుది వేస్తే బండి ఒక వైపుకే లాగుతుంది. లోపల కొద్దిగా తెల్ల గ్రీజు చాలు, ఇంజిన్ ఆయిల్ పోయొద్దు.

గేర్ బాగుండి చక్రం జారుతుంటే చక్రం లోపలి గాడి చూడండి. గేర్‌బాక్స్ పట్టుకునే ఆ గాడి అరిగి గుండ్రంగా అయిపోతుంది. చక్రమే మార్చాలి. ఫెవిక్విక్ పెడితే రెండు రోజులు కూడా ఆగదు. చక్రం విప్పినప్పుడే ఇరుసుకి చుట్టుకున్న జుట్టు, దారం, మాంజా తీసేయండి. వాషర్, పిన్ను అరిగితే అప్పుడే మార్చండి.

అసలు చప్పుడే లేదంటే మోటార్ వైర్లను బ్యాటరీకి ఒక్క సెకను నేరుగా తాకించి చూడండి. చక్రాలు నేలకు తగలకుండా బండిని ఎత్తి పెట్టాలి, పిల్లలు దూరంగా ఉండాలి. మోటార్ తిరిగితే తప్పు పెడల్ స్విచ్‌లోనో బోర్డులోనో ఉంది. పెడల్ కింద మట్టి, బిస్కెట్ ముక్కలు ఇరుక్కుని స్విచ్ నొక్కుకోకపోవడం మామూలే. రిమోట్ ఒక్కటే పనిచేయకపోతే ముందు దాని చిన్న సెల్స్ మార్చి మళ్లీ పెయిరింగ్ చేయండి.

ఛార్జర్ దగ్గర అజాగ్రత్త వద్దు

6 వోల్టుల బండికి 12 వోల్టుల ఛార్జర్ పిన్ను పట్టేస్తుంది, అదే ప్రమాదం. బ్యాటరీ ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, మండే హైడ్రోజన్ వాయువు బయటికొస్తుంది. ఈ బండ్లతో వచ్చే తక్కువ రకం ఛార్జర్లు చాలావరకు నిండాక వాటంతటవి ఆగవు. కాబట్టి టైము చూసుకుని తీయాలి. 500 మిల్లీఆంపియర్ల ఛార్జర్‌తో 4.5 ఏహెచ్ బ్యాటరీకి 10 నుంచి 12 గంటలు పడుతుంది. పడకగదిలో, పరుపు పక్కన పెట్టొద్దు. గాలి ఆడే చోట, పెద్దవాళ్లు మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి.

వీడియోలు చూసి 12 వోల్టుల బండికి 18, 24 వోల్టుల బ్యాటరీ పెట్టేవాళ్లున్నారు. స్పీడు పెరుగుతుంది నిజమే. మోటార్, గేర్, బోర్డు మాత్రం దానికోసం తయారైనవి కావు. నాలుగేళ్ల పిల్లాడి చేతులూ అంతే. లెడ్ యాసిడ్ ఛార్జర్‌తో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయడం ఇంకా డేంజర్.

పాత బ్యాటరీ ఎక్కడ ఇవ్వాలి?

చెత్తబుట్టలో వేయొద్దు, పగలగొట్టి సీసం తీసేవాళ్లకు అమ్మొద్దు. సీసం పిల్లల మెదడుకు విషం, ఇంత వరకు ఫరవాలేదనే హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాతవి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనే షాపులో పాతది ఇస్తే చాలామంది కొంత తగ్గిస్తారు, అడగండి.

కొత్త బండే కొనాల్సి వస్తే ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. కరెంటు బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15644.

బీకాం చదివినవాడిని, లెక్క చెప్పకుండా ఉండలేను. మా జీపు కొన్నది 9,000కు. కొత్త బ్యాటరీ, ఫ్యూజ్, మీటరు వైరు కలిపి 1,200 లోపే అయ్యింది. మాంజా తీయడానికి పైసా కాలేదు. ఇప్పుడు ఆపా ఇంట్లో క్యాలెండర్ మీద ప్రతి నెలా ఒక ఆదివారానికి గీత పెట్టి ఉంటుంది. వాడినా వాడకపోయినా ఆ రోజు బండికి ఛార్జింగ్. తర్వాత సీటు ఎత్తి ఫ్యూజ్ చూడటం. పిల్లాడు పక్కన నిలబడి "మామూ, తీగ లేదు కదా?" అని అడుగుతాడు.